ఫ్రోజెన్ కూరగాయల ప్యాకెట్లు: ఏవి కొనాలి, ఏవి వదిలేయాలి

ఆరోగ్యంగా తినాలంటే ఖర్చు ఎక్కువ అనేవాళ్లకి నేను ముందు చెప్పేది ఫ్రోజెన్ కూరగాయల గురించే. చాలాకాలంగా వాడుతున్నాను, కంపెనీలు మార్చి మార్చి చూశాను. తేడా కంపెనీలో కన్నా ఏ కూరగాయ కొంటున్నాం అన్నదాంట్లోనే ఎక్కువ కనిపించింది, కాబట్టి ఇది కూరగాయల వారీగా రివ్యూ.

ముందు బఠాణీ, ఇది కళ్లు మూసుకుని కొనొచ్చు. కిలో కాయల ధర, కిలో ప్యాకెట్ ధర పక్కపక్కన పెట్టి ప్యాకెట్ ఖరీదు అనేస్తారు గానీ, కాయలు ఒలిస్తే బరువులో సగం కూడా గింజలు రావు, మిగతాదంతా తొక్కే. అంటే కిలో గింజలు కావాలంటే రెండు కిలోలకి పైనే కాయలు కొనాలి. ఆ లెక్క వేసుకుని చూడండి, సీజన్ లేని రోజుల్లో ప్యాకెట్టే చవకగా కనిపిస్తుంది, పైగా ఒలిచే పని లేదు.

ఇందులో పోషకాలు ఉంటాయా అని అందరూ అడుగుతారు. కోతకొచ్చిన కూరగాయల్ని కాసేపు వేడినీళ్లలోనో ఆవిరిలోనో ఉంచి, వెంటనే చల్లార్చి గడ్డకట్టిస్తారు. ఆ వేడికి విటమిన్ సి కొంత పోతుంది, అది నిజమే. కానీ రంగునీ రుచినీ పాడుచేసే ఎంజైములు అక్కడితో ఆగిపోతాయి, మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచితే మిగిలిన పోషకాలు నెలల తరబడి పెద్దగా తగ్గవు. తాజా పాలకూరలో విటమిన్ సి మాత్రం ఫ్రిజ్‌లో పెట్టినా రోజురోజుకీ తగ్గుతూనే ఉంటుంది. అందుకే పాలకూర నా లిస్టులో రెండోది. తాజాది తెస్తే సగం వాడేలోపు సగం కుళ్లిపోతుంది, ప్యాకెట్‌లోదైతే కావలసినంత తీసుకుని మిగతాది మళ్లీ లోపల పెట్టేయొచ్చు. చెత్తబుట్టలోకి పోయేదానికి డబ్బు కట్టక్కర్లేకపోవడమే అసలు ఆదా.

స్వీట్ కార్న్ కూడా బాగుంటుంది. బీన్స్ కొంచెం మెత్తబడతాయి, పర్వాలేదు. కాలీఫ్లవర్ మాత్రం నేను కొనను, ఎలా వండినా నీళ్లు వదిలి చప్పగా ఉంటుంది.

మిక్స్‌డ్ వెజిటబుల్స్ దగ్గర జాగ్రత్త. పదార్థాల జాబితాలో ఏది బరువులో ఎక్కువ ఉంటే అది ముందు రాస్తారు. మొదటి పేరు క్యారెట్ అయితే, తాజాగా చవకగా దొరికేదాన్నే ఎక్కువ ధరకి కొంటున్నట్టు. విడివిడిగా రెండు మూడు కొని మీరే కలుపుకోండి. సాస్, బటర్, మసాలా కలిపినవి అసలు వద్దు. ధరా ఎక్కువే, ఉప్పూ ఎక్కువే. రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అందులో కొంత ఇక్కడే ఎందుకు ఖర్చు చేయాలి? జాబితాలో కూరగాయ పేరు ఒక్కటే ఉన్న ప్యాకెట్ తీసుకోండి, చాలు.

పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకే అనుకోవద్దు, ఆఫర్ ఉన్నప్పుడు చిన్నవి రెండు కొంటేనే తక్కువ పడొచ్చు. 100 గ్రాములకి ఎంత అని ఫోన్‌లో లెక్క చూసుకోండి. ఫ్రీజర్‌లో చోటుందో లేదో కూడా ముందే చూసుకోవాలి, చిన్న ఫ్రిజ్ ఉన్నవాళ్లకి ఇదే పెద్ద ఇబ్బంది.

వండేటప్పుడు మంచు కరగనివ్వక్కర్లేదు. వెడల్పాటి పాన్‌లో, పెద్ద మంట మీద, మూత పెట్టకుండా వేయిస్తే నీళ్లు ఎగిరిపోయి ముక్క గట్టిగా ఉంటుంది. మూత పెట్టి ఉడకబెట్టి బాగాలేదనేవాళ్లు ఒకసారి ఇలా చేసి చూడండి. పచ్చిగా సలాడ్‌లో మాత్రం వేయకండి. యూరప్‌లో 2015 నుంచి 2018 దాకా లిస్టీరియా బ్యాక్టీరియాతో జనం జబ్బుపడి కొందరు చనిపోతే, మూలం ఫ్రోజెన్ మొక్కజొన్న అని తేలింది. గడ్డకట్టిస్తే ఆ బ్యాక్టీరియా చావదు, బాగా ఉడికిస్తే చస్తుంది.

షాపులో ప్యాకెట్ చేతిలోకి తీసుకుని ఊపి చూడండి. గింజలు గలగలా విడిగా కదలాలి. మొత్తం ఒకే గడ్డలా ఉంటే మధ్యలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డకట్టి ఉండొచ్చు, అలాంటిది ఆఫర్‌లో ఇచ్చినా తీసుకోకండి. మిగతా సరుకులన్నీ అయ్యాక, బిల్లుకి వెళ్లే ముందు వీటిని బుట్టలో వేసుకుని నేరుగా ఇంటికి తెచ్చి ఫ్రీజర్‌లో పెట్టేయండి.