పదకొండేళ్లుగా మా ఎంపీ ఓట్లు రాసుకుంటున్నా: ఒక మలక్‌పేట ఓటరు సమీక్ష

2014 ఫిబ్రవరి 18. ఆఫీసులో పని వదిలేసి పాతికమందిమి టీవీ ముందు నిలబడ్డాం. లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు ఓటుకొస్తోంది. అంతలో సభ ప్రసారం ఆగిపోయింది. బిల్లు పాసైందన్న సంగతి కింద స్క్రోలింగులో చదువుకున్నాం. సగం మంది చప్పట్లు కొట్టారు, సగం మంది సీట్లలోకి వెళ్లి కూర్చున్నారు. పది నిమిషాలకి కోస్తాలో ఉండే మా బావ ఫోను.

"ఒరేయ్, మా ఎంపీ మాత్రం వ్యతిరేకంగానే ఓటేశాడ్రా."

"నీకెలా తెలుసు బావా?"

"ఆయనే చెప్పాడంట."

ఆ మాట నిజమో కాదో చూద్దామని కొన్నాళ్ల తర్వాత లోక్‌సభ చర్చల పాఠం తీశాను. మూజువాణి ఓటు. అంటే అవునన్నవాళ్ల గోల, కాదన్నవాళ్ల గోల విని స్పీకర్ తేల్చేశారు. రాష్ట్రాన్ని రెండు చేసిన ఓటుకి పేర్ల జాబితా లేదు. బావ చెప్పింది నిజమని అనడానికీ లేదు, అబద్ధమని అనడానికీ లేదు. ఆ చిరాకులోనే ఒక రెండొందల పేజీల నోటుబుక్కు కొని మా సొంత ఎంపీతో మొదలుపెట్టాను. మాది హైదరాబాద్ లోక్‌సభ స్థానం, కాబట్టి అసదుద్దీన్ ఒవైసీ. 2004 నుంచి వరసగా ఐదుసార్లు గెలిచారు. ఆయనకు ఒకసారి ఓటేశాను, మిగతాసార్లు వెయ్యలేదు. ఏ సారి ఏమిటన్నది మా ఆవిడకి కూడా చెప్పలేదు, మీకూ చెప్పను.

ఎంపీల పనితీరు చూడాలంటే చాలామంది, పార్లమెంటు పనిని లెక్కగట్టి చూపించే పీఆర్ఎస్ అనే సంస్థ పట్టిక దగ్గరికే వెళ్తారు. హాజరు, అడిగిన ప్రశ్నలు, పాల్గొన్న చర్చలు, ప్రైవేటు బిల్లులు అందులో ఉంటాయి. నేనూ మొదట దాంతోనే సరిపెట్టుకుందామనుకున్నా. కానీ స్కూలు ప్రోగ్రెస్ కార్డులో హాజరు శాతం చూసి పిల్లాడికి లెక్కలొచ్చో రావో చెప్పలేం కదా. ఏ బిల్లుకి ఏ వైపు నిలబడ్డారన్నది తెలియాలంటే సభ చర్చల పాఠంలోకి దిగాలి, అందులోనూ 'డివిజన్' అన్న మాట ఉన్నచోటికే వెళ్లాలి.

డివిజన్ సంగతి కాస్త చెప్పాలి, ఈ నోటుబుక్కంతా దాని మీదే ఆధారపడి ఉంది. స్పీకర్ మూజువాణిగా తేల్చినదాన్ని ఎవరైనా సభ్యుడు ఒప్పుకోకపోతే డివిజన్ అడగొచ్చు. అప్పుడు లాబీలు ఖాళీ చేయిస్తారు, మూడున్నర నిమిషాలు గంట మోగుతుంది, తర్వాత ఓటింగ్. ఆకుపచ్చ అంటే అవును, ఎరుపు అంటే కాదు, పసుపు అంటే ఎటూ కాదు. ఫలితం చదివేటప్పుడు స్పీకర్ 'సవరణకు లోబడి' అని ముందే ఒక మాట అనేస్తారు. బటన్ పనిచెయ్యనివాళ్లు, తప్పు నొక్కినవాళ్లు చీటీల మీద రాసిస్తారు. ఇది ఉత్తుత్తి లాంఛనం అనుకునేవాణ్ణి. 2024 డిసెంబర్ 17న జమిలి ఎన్నికల బిల్లు ప్రవేశపెట్టేటప్పుడు బోర్డు మీద మొదట 220, 149 అని పడింది. చీటీలు కలిపాక 269, 198 అయింది. బోర్డు చూసి నోటుబుక్కులో పెన్నుతో రాసేసుకున్నా. అప్పటి నుంచి మొదట పెన్సిల్‌తోనే రాస్తున్నాను.

ఇంకో కిటుకుంది. డివిజన్ అనవసరంగా అడిగారని స్పీకర్‌కి అనిపిస్తే, ఎవరి స్థానాల్లో వాళ్లని లేచి నిలబడమని తలలు లెక్కపెట్టించొచ్చు. అలా లెక్కపెడితే పేర్లు రికార్డు కావని నిబంధనల్లోనే ఉంది. అంకె మిగులుతుంది, మనిషి మాయం. రాజ్యాంగ సవరణలకి మాత్రం ఈ బాధ లేదు. సభ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు కావాలి కాబట్టి లెక్క పెట్టి తీరాల్సిందే.

ఇక మా ఎంపీ పేజీలు. ఎవరైనా ఈ నోటుబుక్కు తిరగేస్తే మొదట కంటపడేవి చిన్న అంకెలు. 2017 డిసెంబర్‌లో ట్రిపుల్ తలాక్ బిల్లు మీద ఆయన పెట్టిన సవరణల్లో ఒకదానికి వచ్చిన ఓట్లు 2, వ్యతిరేకంగా 241. 2019 జనవరి 8న అగ్రవర్ణ పేదలకు 10 శాతం రిజర్వేషన్ ఇచ్చే రాజ్యాంగ సవరణకు అనుకూలం 323, వ్యతిరేకం 3. ఆ ముగ్గురిలో ఆయనొకరు. అదే ఏడాది జూలైలో ఎన్ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) చట్ట సవరణకు 278, 6. తొమ్మిది రోజుల తర్వాత ఉపా, అంటే చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం సవరణకు 287, 8. ఎన్ఐఏ బిల్లు మీద డివిజన్ అడిగిందే ఆయన. ఎవరు ఉగ్రవాదం వైపో, ఎవరు కాదో తేలిపోతుంది, ఓటింగ్ జరగాల్సిందేనని హోంమంత్రి అమిత్ షా కూడా అన్నారు. ఎవరి లెక్క వాళ్లది. ఇద్దరి పట్టుదల పుణ్యమా అని నా నోటుబుక్కులోకి ఒక పేజీ వచ్చింది.

ఇన్నేళ్ల వాడకంలో నాకు అన్నిటికంటే ఆలస్యంగా అర్థమైన సంగతి ఇదే. రాజ్యాంగ సవరణలు తప్పిస్తే, మన పార్లమెంటులో ఓటింగ్ రికార్డు దానంతటది పుట్టదు, ఎవరో ఒకరు పట్టుబట్టి పుట్టించాలి. ప్రభుత్వ పక్షానికి గెలుపు ఎలాగూ ఉంది, డివిజన్‌తో పనిలేదు. పెద్ద ప్రతిపక్షానికి చాలాసార్లు నినాదాలో, వాకౌటో సరిపోతుంది. తన వైపు ఆరు ఓట్లే పడి ఓడిపోతానని తెలిసి కూడా లెక్క పెట్టండి అని లేచేవాడు ఉంటేనే, అవతల ఉన్న 278 మంది పేర్లు కూడా అచ్చవుతాయి. మా ఎంపీ ఓడిపోయిన ప్రతి చోటా మిగతా ఎంపీల రికార్డు కూడా నాకు దొరికింది. మా బావకి తన ఎంపీ గురించి నేను గట్టిగా చెప్పగలిగినవన్నీ ఈ పేజీల్లోంచి తీసినవే.

ఆ 10 శాతం ఓటు దగ్గర మాత్రం నాకూ ఆయనకూ పొసగదు. మా అన్న కొడుక్కి ఇంజనీరింగ్ సీటు ఆ కోటాలోనే వచ్చింది. రిజర్వేషన్ వెనుకబాటుతనానికే గానీ పేదరికానికి మందు కాదని, ఇది రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమేనని ఆయన వాదన. దేశంలో దాదాపు పార్టీలన్నీ ఎన్నికల ముందు నోరు మూసుకుని ఆకుపచ్చ బటన్ నొక్కిన రోజున ఎరుపు నొక్కారు. తప్పో ఒప్పో, దాచుకోలేదు. మా అన్నకి ఈ మాట చెబితే వారం రోజులు నాతో మాట్లాడలేదు.

మహిళా రిజర్వేషన్ ఓటు ఇంట్లోనే గొడవ తెచ్చింది. 2023 సెప్టెంబర్ 20, కొత్త పార్లమెంటు భవనంలో చీటీల మీద ఓటింగ్. 454 అనుకూలం, 2 వ్యతిరేకం. ఆ రెండూ ఆయన పార్టీ మజ్లిస్‌వే, ఒకటి ఒవైసీది, ఒకటి అప్పటి ఔరంగాబాద్ ఎంపీ ఇంతియాజ్ జలీల్‌ది. బీసీ మహిళలకు, ముస్లిం మహిళలకు లోపల కోటా లేదన్నది కారణం. మా అమ్మాయి ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, "నాన్నా, ఈయన మన ఎంపీయేనా, నిజంగానా?" అంది. బీసీ కోటా కావాలని అదే సభలో సోనియా గాంధీ కూడా అడిగారు, అడిగి బిల్లుకి అవునన్నారు అని చెప్పాను. "మరి ఆవిడలా అడిగి ఓటెయ్యొచ్చుగా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. కోటా లేదు కాబట్టి మొత్తానికే వద్దు అన్న ఓటు నాకు రుచించలేదు. ఆ పేజీ మూల మా అమ్మాయి ఎర్ర స్కెచ్‌పెన్నుతో ఒక ఇంటూ మార్కు పెట్టింది, అలాగే ఉంచాను.

టీవీలో చూసినదానికీ రికార్డులో ఉన్నదానికీ తేడా కూడా ఈ అలవాటు వల్లే తెలిసింది. 2019 డిసెంబర్ 9న ఒవైసీ పౌరసత్వ సవరణ బిల్లు ప్రతిని సభలో చింపేశారు, దేశమంతా అదే చూసింది. నా పేజీలో 311, 80 అని ఉంటుంది, ఆ 80లో ఆయన ఒక్క గీత. కానీ ఆ పేజీ తెలుగువాళ్లకి వేరే కారణంతో పనికొస్తుంది. తెలంగాణలో అప్పుడు అధికారంలో ఉన్న టీఆర్ఎస్ వ్యతిరేకంగా ఓటేసింది, ఆంధ్రలో ఒకరి ముఖం ఒకరు చూసుకోని వైసీపీ, టీడీపీ రెండూ అనుకూలంగా వేశాయి. నాలుగు నెలల ముందు, ఆగస్టు 6న, 370 అధికరణం ఓటు దగ్గర ఈ మూడూ ఒకే వైపు. బయట సభల్లో ఎవరెంత అరుచుకున్నా, ఆ రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

2025 ఏప్రిల్ 2 అర్ధరాత్రి దాటాక వక్ఫ్ సవరణ బిల్లు 288, 232తో నెగ్గింది. రెండు అంకెలు అంత దగ్గరగా రావడం ఈ నోటుబుక్కులో అరుదు. ఆయన ఓటు చెప్పక్కర్లేదు, తర్వాత సుప్రీంకోర్టుకీ వెళ్లారు.

ఎప్పుడూ కాదనే మనిషి అన్న పేరుంది. పాత పేజీలు వెనక్కి రాసుకుంటూ పోతే అదీ పూర్తిగా నిలవదు. 2008 జూలై 22న అణు ఒప్పందం మీద మన్మోహన్ సింగ్ ప్రభుత్వం 275, 256తో గట్టెక్కిన విశ్వాస పరీక్షలో ఒవైసీ ప్రభుత్వం వైపే ఉన్నారు. 2012 నవంబర్‌లో చార్మినార్ దగ్గరి గుడి గొడవతో ఆ మద్దతు తీసేసుకున్నారు.

ఇలాంటి రికార్డు పెట్టుకుందామనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. మీ ఎంపీ పెద్ద పార్టీ మనిషైతే ఈ శ్రమ సగం దండగ. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం, అదే పదో షెడ్యూల్, పార్టీ విప్‌ని, అంటే ఎటు ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వం పోతుందంటుంది. కాబట్టి మీ ఎంపీ నొక్కిన బటన్ మీ ఎంపీ మనసు చెప్పదు, పార్టీ ఆఫీసు మనసు చెబుతుంది. మా బావ ఎంపీ రికార్డు నాలుగేళ్లు రాసి, ఆ పార్టీలో అందరిదీ ఒకటే జవాబుపత్రమని తేలాక మానేశాను. ఒవైసీ సంగతి వేరు. 2008 నుంచి పార్టీ అధ్యక్షుడు ఆయనే, సభలో చాలాకాలం పార్టీ సభ్యుడూ ఆయనొక్కడే. తనకు తనే విప్ ఇచ్చుకోవాలి. అందుకే ఈ ఓట్లు నిజంగా ఆయనవే అని నమ్మి చదవొచ్చు, మెచ్చుకున్నా తిట్టినా ఆయన్నే.

లోపాలు ఇంకా ఉన్నాయి. గైర్హాజరైనవాడు, వాకౌట్ చేసినవాడు, క్యాంటీన్‌లో కూర్చున్నవాడు, రికార్డులో ముగ్గురూ ఒకటే, ఖాళీ. ఉపా ఓటప్పుడు కాంగ్రెస్ వాకౌట్ చేసింది, ఏ జాబితాలోనూ వాళ్ల పేర్లుండవు. 2020లో వ్యవసాయ చట్టాలు రెండు సభల్లోనూ మూజువాణితోనే దాటాయి, రాజ్యసభలో డివిజన్ అడుగుతుండగానే. ఏడాది పాటు దేశాన్ని ఊపిన చట్టాలకి నా దగ్గర ఒక్క గీతా లేదు.

ఓటే లేని చోట వైఖరి ఎలా రాయాలో కూడా తేలలేదు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ తర్వాత కేంద్రం పంపిన అఖిలపక్ష బృందంలో సౌదీ, కువైట్, బహ్రెయిన్, అల్జీరియా వెళ్లి ఆయన దేశం తరఫున మాట్లాడారు. అది ఏ గడిలో రాయాలి? ఆ సెప్టెంబర్‌లో ఉపరాష్ట్రపతి ఎన్నికలో మన తెలంగాణ వాడైన జస్టిస్ సుదర్శన్ రెడ్డికి మద్దతన్నారు. రహస్య బ్యాలెట్, 452, 300తో రాధాకృష్ణన్ గెలిచారు. అక్కడ మాటే రికార్డు. చివర్లో ఒక పేజీ వదిలి 'చెప్పినవి' అని రాసుకున్నా. మా వీధి డ్రైనేజీ సంగతి ఎందులోనూ రాదు, వానాకాలం మోకాల్లోతు నీళ్లలో నిలబడి ఈ నోటుబుక్కు తెరిస్తే నవ్వొస్తుంది.

మొన్న దసరాకి బావ వచ్చాడు. నోటుబుక్కు చూపిస్తే మొదటి పేజీ దగ్గరే ఆగిపోయాడు. '2014 ఫిబ్రవరి 18' అని పైన తేదీ, కింద అంతా ఖాళీ. జేబులోంచి పెన్ను తీసి తన ఎంపీ పేరు రాసి, పక్కన 'వ్యతిరేకం' అని పెద్దక్షరాల్లో రాశాడు. కాఫీ తాగి పడుకున్నాక, కింద పెన్సిల్‌తో చిన్నగా 'సవరణకు లోబడి' అని రాశాను.