మూడు లెయోవీల్‌లు: దాచుకోవడానికి ఏది మేలు?

ఫ్రాన్సులోని బోర్డోకు ఉత్తరాన, జిరోండ్ నదీముఖం ఒడ్డున ఉన్న సెయింట్ జూలియన్‌లో లెయోవీల్ పేరు మోసే రెడ్ వైన్ ద్రాక్షతోటలు మూడు ఉన్నాయి. ఒకప్పుడు ఇవన్నీ ఒకే ఎస్టేటు. ఫ్రెంచి విప్లవం నాటి కల్లోలంలో విడిపోయిన భాగాన్ని 1826లో ఐరిష్ మూలాలున్న వర్తకుడు హ్యూ బార్టన్ కొన్నాడు; అదే ఇప్పటి లెయోవీల్ బార్టన్. మిగిలిన ఆస్తి తర్వాత వారసుల పంపకాల్లో లాస్ కాజ్, ప్వాఫెరే అని రెండు ముక్కలైంది. బోర్డో వైన్ తోటలను శ్రేణులుగా విభజించిన 1855 వర్గీకరణలో మూడింటికీ రెండో శ్రేణే దక్కింది కాబట్టి, హోదాను బట్టి వీటిలో ఒకదాన్ని ఎంచుకోవడం కుదరదు.

మూడింటిలోనూ ప్రధానమైన ద్రాక్ష కాబెర్నే సోవిన్యోన్. మెర్లో దాని గరుకుదనాన్ని తగ్గిస్తుంది, కాబెర్నే ఫ్రాంక్ కొద్దిపాటి సువాసననిస్తుంది. కాబెర్నే తొక్క మందం, పండు చిన్నది. అందుకే లేత వైన్ తాగితే నేరేడుపండ్లు తిన్నప్పటిలా నాలుక పట్టేస్తుంది. ఆ వగరే వైన్‌ను ఏళ్ల తరబడి నిలబెడుతుంది. కాలం గడిచేకొద్దీ వగరు పదార్థాలు ఒకదానితో ఒకటి కలిసి, కొంత సీసా అడుగున మడ్డిగా దిగుతాయి. ఊదా ఎరుపు ఇటుక రంగులోకి తిరుగుతుంది, పండు వాసన వెనక్కి తగ్గి పొగాకు, దేవదారు వాసనలు పైకి వస్తాయి.

లాస్ కాజ్ ప్రధాన తోట ప్రసిద్ధమైన లాతూర్ తోటకు ఆనుకొని ఉంటుంది. లేబుల్ మీద కనిపించే సింహపు రాతి ద్వారం ఆ తోటదే. బిగువులోనూ లోతులోనూ మూడింటిలో ఇదే మొదటిది. ధరలోనూ అంతే, పైగా పదిహేనేళ్లకు ముందు తెరిస్తే పెట్టిన డబ్బుకు తగిన రుచి దక్కదు. 1920 నుంచి క్యువెలియే కుటుంబం చేతిలో ఉన్న ప్వాఫెరేలో మెర్లో పాలు ఎక్కువ కనుక, అది మెత్తగా, త్వరగా మచ్చికవుతుంది.

నా మొగ్గు బార్టన్ వైపు. దానికి సొంత భవనం కూడా లేదు. అదే కుటుంబానికి 1821 నుంచి ఉన్న లాంగోవా అనే మరో ఎస్టేటులోనే వైన్ తయారవుతుంది, లేబుల్ మీద ఉన్న బొమ్మ కూడా ఆ లాంగోవా భవనానిదే. దాదాపు రెండు శతాబ్దాలుగా యాజమాన్యం చేతులు మారలేదు. 1983లో పగ్గాలు చేపట్టిన ఆంథొనీ బార్టన్, పంట గొప్పగా పండిన ఏళ్లలోనూ ధరను ఆకాశానికి ఎక్కించలేదని పేరు పొందారు. కాబెర్నే నాలుగింట మూడు వంతుల మేర ఉండే ఈ వైన్ ఇరవై ఏళ్లు సునాయాసంగా నిలుస్తుంది. లాస్ కాజ్ ఒక సీసా ధరకు దీనివి రెండు వస్తాయంటే, ఒకటి పన్నెండో ఏట తెరిచి రుచి చూసుకొని, రెండోది ఎంతకాలం ఆపాలో నిర్ణయించుకోవచ్చు. పాత సీసాను ఒక రోజు ముందే నిలబెట్టి ఉంచి, సీసా మెడ కింద కొవ్వొత్తి వెలిగించి, వైన్‌ను మెల్లగా మరో పాత్రలోకి వంపుతూ, నల్లటి మడ్డి అంచు సీసా భుజం దాకా రాగానే ఆపాలి.

అయితే ఈ లెక్కంతా 12, 13 డిగ్రీల చల్లటి చీకటి గది ఉన్నవారికే. వైన్ అలమర లేకుండా విజయవాడలోనో హైదరాబాదులోనో వంటింటి అరలో పెట్టేవారికి బార్టన్ వద్దు, లాస్ కాజ్ అసలే వద్దు. ఈపాటికే పక్వానికి వచ్చిన పాత ఏటి ప్వాఫెరే కొని, ఏప్రిల్ రాకముందే తెరవాలి.