కింది దవడ వెనక్కా, పై దవడ ముందుకా: ఊపిరికి ఏది మేలు?

కింది దవడ పొడుచుకొచ్చినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "కింది దవడ ఒక్కదాన్నే వెనక్కి జరిపిస్తే చాలదా? రెండు దవడలకూ ఆపరేషన్ ఎందుకు?" పళ్ల వరస, ముఖం తీరు, ఖర్చు చుట్టూనే మాట తిరుగుతుంది. గొంతు సంగతి ఎవరూ ఎత్తరు. నన్నడిగితే తేల్చుకోవాల్సింది అక్కడే.

నాలుకను ముందుకు పట్టి ఉంచే పెద్ద కండరం కింది దవడ లోపలివైపు, సరిగ్గా గడ్డం వెనక అతుక్కుని ఉంటుంది. దవడ వెనక్కి వెళితే దానితోపాటే నాలుకా వెళుతుంది. గొంతులోని హయాయిడ్ ఎముక కూడా కిందికీ వెనక్కీ జరుగుతుంది. నాలుక మొదలుకూ గొంతు వెనక గోడకూ మధ్య దారి ఇరుకవుతుంది. మెలకువలో కండరాలు బిగువుగా ఉంటాయి కాబట్టి ఇది తెలియదు. నిద్రలో, అందులోనూ వెల్లకిలా పడుకున్నప్పుడు, ఆ బిగువు సడలుతుంది. కూర్చోబెట్టి తీసిన సీబీసీటీ స్కాన్‌లో (దవడలను, గొంతును త్రీడీలో చూపే ఎక్స్‌రే) గొంతు విశాలంగా ఉందని ధీమా పడకూడదనేది ఇందుకే.

అలాగని ఈ పద్ధతిని కొట్టిపారేయలేం. ఆపరేషన్ చిన్నది, రక్తం తక్కువ పోతుంది, ముక్కు ఆకారం మారదు. సన్నగా ఉండే చిన్న వయసువాళ్లలో చాలామందికి శరీరం సర్దుకుంటుంది, స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగే జబ్బు) రాదు. ఇదివరకే గురక ఉన్నవాళ్లు, బరువెక్కువ ఉన్నవాళ్లు, దవడను ఎక్కువ దూరం జరపాల్సినవాళ్లు మాత్రం ఆలోచించాలి.

పై దవడను ముందుకు తెస్తే మెత్తని అంగిలి కూడా ముందుకొచ్చి, దాని వెనక గాలిదారి వెడల్పవుతుంది. అంతకంటే ముఖ్యం, కింది దవడను జరపాల్సిన దూరం తగ్గుతుంది. రెండు దవడల మధ్య తేడా 10 మిల్లీమీటర్లయితే పైది 5 ముందుకు, కిందిది 5 వెనక్కి జరిపితే చాలు. నాలుక వెనక కొంత ఇరుకైనా, మొత్తం 10 మిల్లీమీటర్లూ కిందిదాన్నే నెట్టినంత కాదు. తీవ్రమైన స్లీప్ ఆప్నియాకు రెండు దవడలనూ ముందుకు జరిపే ఆపరేషన్ చేస్తారు, అది బాగా పనిచేస్తుంది కూడా. దవడ ఎటు కదులుతుందన్నది ఊపిరికి ఎంత ముఖ్యమో అక్కడే తెలుస్తుంది. అందుకే నా మొగ్గు పైదాన్ని ముందుకు, కిందిదాన్ని వెనక్కి జరిపే రెండు దవడల ఆపరేషన్ వైపే. ఆపరేషన్ ఎక్కువసేపు పడుతుంది, ముక్కు అడుగు కాస్త వెడల్పు కావచ్చు. కింది పెదవి తిమ్మిరి ముప్పు రెండు పద్ధతుల్లోనూ ఉన్నదే. పై దవడ సరైన చోటే ఉన్నవాళ్లకు మాత్రం దాన్ని ముందుకు లాగితే మూతి ఉబ్బినట్టు కనిపిస్తుంది. వాళ్లకు మొదటి పద్ధతే న్యాయం.

క్లిప్పులతో పళ్లను మాత్రమే సర్దితే దవడ ఎముకలు కదలవు, గొంతులో పెద్ద మార్పు ఉండదు. తేడా స్వల్పంగా ఉన్నవాళ్లకు అది చాలు.

ఏది ఎంచుకున్నా తేదీ ఖాయం చేసుకునేముందు స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష) చేయించుకోండి. నిద్రలో ఊపిరి ఆగడం, తగ్గడం గంటకు 5 సార్లలోపు ఉంటే మామూలే. 15 దాటితే కింది దవడ ఒక్కదాన్నే వెనక్కి జరిపే ఆలోచన మానుకోమంటాను. ఆపరేషన్ తర్వాత వాపు పూర్తిగా తగ్గాక అదే పరీక్ష మళ్లీ చేయించి, రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి సర్జన్‌తో మాట్లాడండి.