కొకైన్, మెత్: డోపమైన్ దగ్గర ఎవరి దారి వారిదే

కొకైన్, మెత్ (మెథాంఫెటమైన్) రెండూ ఊపునిచ్చే మత్తుమందులే. రెండూ మెదడులో ఆనందం, ఉత్సాహం కబుర్లు మోసే రసాయనమైన డోపమైన్‌నే పెంచుతాయి. పెంచే పద్ధతి మాత్రం వేరు.

మామూలుగా నాడీకణం డోపమైన్‌ను వదిలాక, పక్క కణానికి కబురు అందగానే దాన్ని తిరిగి లోపలికి లాక్కునే ప్రోటీన్ ఒకటి ఉంటుంది. కొకైన్ ఆ ప్రోటీన్‌కు అడ్డం పడుతుంది. డోపమైన్ బయటే పేరుకుపోతుంది. రక్తంలో కొకైన్ సగానికి తగ్గడానికి సుమారు గంట చాలు. ఊపు అంతకంటే ముందే దిగిపోతుంది కాబట్టి ఒకే రాత్రిలో మళ్లీ మళ్లీ తీసుకుంటారు.

1893లో జపాన్‌లో తొలిసారి తయారైన మెత్ అడ్డం పడి ఊరుకోదు, అదే దారిలో కణం లోపలికి దూరుతుంది. అక్కడ చిన్న సంచుల్లో దాచి ఉన్న డోపమైన్‌ను ఖాళీ చేయిస్తుంది. లోపలికి లాగాల్సిన ప్రోటీన్ చేతే బయటికి తోయిస్తుంది. తూము మూసేయడం ఒకటి, ట్యాంకునే బోర్లించడం ఇంకొకటి! రక్తంలో మెత్ సగానికి తగ్గాలంటే 10 నుంచి 12 గంటలు పడుతుంది. సంచులు దాటిన డోపమైన్ కణంలోనే ఆక్సీకరణ చెంది నాడీ కొనలను దెబ్బతీస్తుంది.

మెదడు వరకే చూస్తే మెత్‌ దెబ్బే పెద్దదని నా లెక్క. గుండె సంగతికొస్తే కొకైన్‌ను తక్కువ చేయలేం, మొదటిసారికే గుండెపోటు రావచ్చు.

ఏది అలవాటైనా డోపమైన్ గ్రాహకాలు, అంటే దాని కబురును అందుకునే కణ భాగాలు, తగ్గుతాయి. ఇష్టమైన కూర, స్నేహితుల కబుర్లు కూడా చప్పగా అనిపిస్తాయి. మెత్ మానేసిన వాళ్లలో డోపమైన్ను లోపలికి లాక్కునే ప్రోటీన్ కొంత కోలుకుంటుంది, కానీ నెలలు గడవాలి.