ఫార్మకాలజీయా, మెడిసినల్ కెమిస్ట్రీయా?

కొత్త మందుల పరిశోధనలోకి వెళ్లాలనుకునేవాళ్లకు డిగ్రీ ఎంచుకునేటప్పుడు ఇదే టెన్షన్.

పని: మందు శరీరంలో ఏం చేస్తుందో చూసేది ఫార్మకాలజీ. ఆ మందు అణువును తయారుచేసేది మెడిసినల్ కెమిస్ట్రీ.

కష్టం: ఒకదాంట్లో ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్. రెండోదాంట్లో ఆర్గానిక్ కెమిస్ట్రీ, గంటలకొద్దీ ల్యాబ్.

రిస్క్: రెండింటికీ ఒకటే. ఒక మందు బయటికి రావడానికి తరచూ 10 ఏళ్లు దాటుతుంది. మనుషులపై పరీక్షల దాకా వెళ్లినవాటిలోనూ చాలావరకు మధ్యలోనే ఆగిపోతాయి.

అసలు ఇవి విడివిడిగా నడవవు. 1988లో నోబెల్ పంచుకున్న జేమ్స్ బ్లాక్ ఫార్మకాలజిస్టు. ఆయన ఆలోచనను ప్రొప్రనొలాల్ అనే గుండె మందుగా మలిచింది కెమిస్టులు.

మోతాదు మారితే ఏమవుతుందన్న ప్రశ్న మిమ్మల్ని వదలకపోతే ఫార్మకాలజీ తీసుకోండి. అణువు బొమ్మ చూడగానే ఇక్కడ ఒక ఫ్లోరిన్ పెడితే ఎలా ఉంటుందని అనిపిస్తే కెమిస్ట్రీయే మీది.