అరేనా వేయిస్తున్నారా? ఇసుక మెరుపు చూసి డబ్బులు ఇచ్చేయకండి

మొయినాబాద్ దగ్గర మా తోటలో 2 గుర్రాలున్నాయి, శని ఆదివారాలు పిల్లలు స్వారీ చేస్తారు. మొన్న మేలో 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పుతో ఓపెన్ అరేనా, అంటే స్వారీ కోసం ఇసుక పరిచిన ఆరుబయటి మైదానం, వేయించాను. కాంట్రాక్టర్ పేరు చెప్పను, చేసిన పని మాత్రం చెప్తాను.

5 టిప్పర్ల ఇసుక దింపి చదును చేసినరోజు చూడాలి, కళ్లు జిగేల్‌మన్నాయి. ఆ ఊపులోనే మిగిలిన డబ్బంతా ఇచ్చేశాను, బుద్ధి తక్కువై. జూన్‌లో మొదటి గట్టి వాన పడ్డ మర్నాడు పొద్దున్నే వెళ్తే సగం అరేనా చెరువు, మిగతా సగంలోని ఇసుక గేటు కింద నుంచి జారి బాట మీద విసనకర్రలా పరుచుకుని ఉంది. నీళ్లు 4 రోజులు కదల్లేదు. ఆ తర్వాత గుర్రాన్ని నడిపిస్తే గిట్ట దిగిన ప్రతి గుంటలోనూ నల్లటి నీళ్లు ఊరుతున్నాయి. తెల్ల ఇసుకలో నల్ల నీళ్లేంటని గడ్డపార వేయించాను. 3 అంగుళాల ఇసుక, కింద పేరుకి కాస్త మొరం, ఆ కిందే నల్లరేగడి! కొటేషన్‌లో మాత్రం 6 అంగుళాల మొరం, రోలింగ్, పైన జియోటెక్స్‌టైల్ షీట్ (ఇసుక, మొరం కలిసిపోకుండా మధ్యలో పరిచే గుడ్డలాంటిది) అని రాశాడు. షీట్ ముక్క కూడా దొరకలేదు.

ఇక వాటం సంగతి. 1 శాతం వాటం పెట్టినా 20 మీటర్ల వెడల్పుకి 20 సెంటీమీటర్లు దిగాలి, మాది బల్లపరుపుగా ఉంది. ఎగువ పొలం నీళ్లు మళ్లించడానికి పక్కన కాల్వ లేదు, ఇసుక కొట్టుకుపోకుండా చుట్టూ అడ్డు చెక్కలూ లేవు. ఫోన్ చేస్తే "ఇసుకే కదన్నా, ఇంకిపోతాయిలే" అన్నాడు. కింద రేగడి పెట్టుకుని ఎక్కడికి ఇంకుతాయి?

ఆ ఇసుక కూడా కడిగింది కాదు, దుమ్ము కలిసిన రోబో ఇసుక. తడిస్తే ముద్ద, ఎండితే రాయి, గుర్రం పరిగెత్తితే మొహం నిండా పొడి. సీసాలో గుప్పెడు వేసి నీళ్లు పోసి ఊపి, ఓ రెండు మూడు గంటలు కదపకుండా ఉంచితే ఇసుక మీద బురద పొర ఎంతుందో కనిపిస్తుంది, ఆ పని టిప్పర్ దింపకముందే చేయాల్సింది. డబ్బు పోతే పోయింది గానీ, ఒకచోట గట్టిగా ఇంకోచోట బుడుంగున దిగే నేల మీద తిరిగి మా ఆడగుర్రానికి ముందుకాలు నరం బెణికింది. చెయ్యి పెడితే కాలిపోతోంది. డాక్టర్ స్వారీ పూర్తిగా ఆపమన్నాడు, రోజూ దాని కాలికి చన్నీళ్లు పట్టిస్తున్నాం.

కాబట్టి ఇసుక పడకముందే, మొరం రోలింగ్ అయ్యాక ఒక వాటర్ ట్యాంకర్ తెప్పించి ఎగువ అంచున వదిలేయండి. నీళ్లు ఎటు పోతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో దగ్గరుండి చూసి, అప్పుడు ఇసుక తెమ్మనండి, మిగతా డబ్బు ఒక వాన చూశాకే. ఆ కాంట్రాక్టర్ ఇప్పుడు శంకర్‌పల్లి వైపు ఇంకో అరేనా పట్టాడట, ఆ తోట వాళ్లెవరైనా ఇది చదివితే ఇవాళే ఒక మూల తవ్వి చూసుకోండి.