మా ఊరి ప్రాథమిక పాఠశాల: ఇద్దరు పిల్లల్ని చదివించాక నా రివ్యూ

మా పెద్దమ్మాయి ఇక్కడే ఐదో తరగతి పూర్తిచేసి హైస్కూలుకి వెళ్లిపోయింది, చిన్నోడు ఇప్పుడు నాలుగు. కోనసీమలో ఒక మామూలు మండల పరిషత్ బడి. పేరు రాయడం లేదు, మెచ్చుకునేవాటితో పాటు తిట్టాల్సినవీ ఉన్నాయి కాబట్టి. ఇంగ్లీషు మీడియం ఎలా ఉంది, లెక్కలు వస్తాయా అన్నవి ఎవరిని అడిగినా చెప్తారు, నేను పిల్లల నడవడిక గురించి, ఊరికీ బడికీ ఉన్న సంబంధం గురించే రాస్తున్నాను.

గోడల మీద సూక్తులు బోలెడు రాయించారు, వాటిని పట్టించుకోకండి, పిల్లలు కూడా పట్టించుకోరు. మధ్యాహ్నం భోజనం గంట కొట్టాక ఒకసారి వెళ్లి చూడండి. ఐదో తరగతి వాళ్లు ముందు ఒకటో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి, చేతులు కడిగించి, ఆ తర్వాతే వాళ్ల కంచాలు పట్టుకుంటారు. మావాడికి ఒకటిలో ఉన్నప్పుడు గుడ్డు ఒలవడం రాక సగం తెల్లసొన పెంకుతోనే పారేసేవాడు. ఒక పెద్ద క్లాసు అమ్మాయి గుడ్డుని కంచంలో దొర్లించి, పెంకు చిట్లాక నీళ్లలో ముంచి ఒలవడం నేర్పింది. ఇప్పుడు వీడు చిన్నపిల్లలకి అదే నేర్పుతున్నాడు. ఇంట్లో మాత్రం తిన్న కంచం తీయడు, అది వేరే సంగతి.

ఆ భోజనం దగ్గరే ఇంకోటి కూడా చూశాను. వంట చేసే ఆవిడ మారింది. కొత్తావిడ ఏ పేట మనిషో తెలిశాక కొందరు పిల్లలకి ఇంటి నుంచి క్యారేజీలు రావడం మొదలైంది. పైకి ఎవరూ ఏమీ అనలేదు, "మావాడికి కారం పడదండి" అన్నారంతే. హెడ్మాస్టారు మీటింగ్ పెట్టలేదు, ఉపన్యాసం దంచలేదు. పిల్లలకి వడ్డించే ముందు రుచి చూడటం టీచర్లకి ఎలాగూ డ్యూటీయే, ఆయన ఒక ముద్దతో సరిపెట్టకుండా పిల్లల వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చుని కంచం నిండా తినడం మొదలుపెట్టారు, చూసి మిగతా టీచర్లు కూడా బాక్సులు తేవడం మానేశారు. టీచర్లందరూ తింటుంటే మేమెందుకు తినకూడదని ఆ పిల్లలే ఇళ్లలో పేచీ పెట్టారు. క్యారేజీలు ఒక్కొక్కటే ఆగిపోయాయి, ఒక్కింటి వాళ్లు మాత్రం ఇప్పటికీ పంపిస్తున్నారు. 2024లో ఈ భోజనం పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. మా సీమలోనే లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన తల్లి ఆవిడ. ఆ పేరు మీద వండిన అన్నానికి కూడా పేట చూసేవాళ్లున్నారంటే ఇంకేం చెప్తాం.

కొట్టడం లేదు. 2009 విద్యాహక్కు చట్టం కొట్టకూడదనే చెబుతుంది, కానీ మా ఊళ్లో తాతలు ఇప్పటికీ "నాలుగు తగిలించండి మాస్టారూ, మేమేమీ అనుకోం" అంటూనే ఉంటారు. మూడో తరగతి పిల్లాడొకడు ఇంకొకణ్ణి అరుగు మీద నుంచి తోసేస్తే చెయ్యి విరిగింది, రెండిళ్ల వాళ్లూ బడి ముందుకొచ్చి కేకలు. టీచరుగారు చేసిందల్లా కట్టు విప్పేదాకా ఆ పిల్లాడి సంచి వీడే మోయాలని, నోట్సు వీడే రాసిపెట్టాలని చెప్పడం. ఆ రాతతో మార్కులేం వస్తాయో దేవుడికే తెలియాలి గానీ, ఇప్పుడు ఇద్దరూ ఒకే సైకిల్ మీద వస్తున్నారు. అలాగని అందరు టీచర్లూ ఒకేలా లేరు, చదువులో వెనకబడ్డ పిల్లల్ని అందరి ముందూ "మొద్దు" అని పిలిచే ఆవిడ ఒకరున్నారు, రెండుసార్లు చెప్పినా మారలేదు. పొద్దున్నే ప్రతిజ్ఞలో "ప్రతివారితోను మర్యాదగా నడచుకొంటాను" అని పిల్లల చేత చెప్పించేది కూడా ఆవిడే! ఆ ప్రతిజ్ఞ 1962లో రాసింది మన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు. పిల్లలు దాన్ని రైలు తప్పిపోతున్నట్టు గడగడా చదివేస్తారు, ఒక్కో ముక్కకి అర్థం చెప్పించే ఓపిక బడిలో ఎవరికీ లేదు.

ఊరి సంగతికొస్తే, 2022లో 117 జీవో వచ్చి, కిలోమీటరు లోపు హైస్కూలుంటే 3, 4, 5 తరగతులు అక్కడ కలిపేస్తామన్నప్పుడు మా బడి కూడా లిస్టులో ఉంది. మధ్యలో లారీలు తిరిగే రోడ్డు. కమిటీ తీర్మానం చేసింది, తల్లులంతా వెళ్లి మండలాఫీసు ముందు కూర్చున్నాం, మా తరగతులు కదలకుండా ఆగాయి. 2025లో ఆ జీవోనే తీసేశారు. ఆ రోజుల్లో క్యారేజీ వాళ్లూ వంటావిడా ఒకే ఆటోలో మండలాఫీసుకి వెళ్లారు, అది రాయకపోతే తప్పవుతుంది.

2024 డిసెంబర్ 7న పెట్టిన మెగా పేరెంట్స్ మీటింగ్ గురించి మాత్రం నాకు పెద్దగా మంచి మాట రాదు. ముగ్గులు, తాడు లాగుడు, ఫొటోలు, మా అమ్మాయి చదువు గురించి మాట్లాడటానికి మిగిలింది ఐదు నిమిషాలు. కానీ మా ఊళ్లో చాలామంది తల్లులు కువైట్‌లో, మస్కట్‌లో ఇళ్లలో పనిచేస్తున్నారు, పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. ఆ రోజు ఒక టీచరు తన ఫోన్‌లోనే ఒక్కొక్క తల్లికీ వీడియో కాల్ కలిపి, ప్రోగ్రెస్ కార్డు కెమెరాకి దగ్గరగా పెట్టి మార్కులు చదివి వినిపించింది. ఏ యాప్‌లోనూ ఎక్కని పని అది.

యాప్ అంటే గుర్తొచ్చింది, హాజరుకి ఫొటో, భోజనానికి ఫొటో, ఆమధ్య బాత్‌రూములకి కూడా ఫొటోలు తీయించారు. ఇన్ని తీసినా వానాకాలంలో ఆడపిల్లల బాత్‌రూములోకి నీళ్లు రావు, తలుపు గడియ పడదు. నా రేటింగ్ 5కి 4, ఆ తగ్గించిన ఒకటి పూర్తిగా దీనికే. వేసవిలో హెడ్మాస్టారికి ట్రాన్స్‌ఫర్ ఉంటుందంటున్నారు, కొత్తగా చేర్చాలనుకునేవాళ్లు జూన్ దాకా ఆగి, ఎవరొస్తారో చూసుకుని చేర్చండి.